ఇరవై రెండు నిమిషాలు పట్టిన మాట

దెయ్యం అనే మాట మా ఇంట్లో ఎవరన్నా ఎత్తితే నాకు ఒళ్ళు మండేది. ఉంటే మీటరు పెట్టి చూపించండి, ముల్లు కదిలితే నమ్ముతా అనేవాణ్ణి. పాతికేళ్ళుగా నేను సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌ని. శ్మశానం గోడ పక్కనున్న సబ్‌స్టేషన్‌లో ఒక్కణ్ణే ఏళ్ళ తరబడి డ్యూటీ చేశాను. పాములకు భయపడ్డాను, కరెంటు పోయిందని కర్రలతో వచ్చిన రైతులకు భయపడ్డాను, పై ఆఫీసరు ఫోనుకు భయపడ్డాను. దెయ్యానికి మాత్రం ఎన్నడూ భయపడలేదు.

ఇప్పుడు ఇది రాస్తుంటే వేళ్ళు చల్లబడుతున్నాయి. నమ్మమని నేనెవర్నీ అడగను. జరిగింది జరిగినట్టు టైములతో సహా చెబుతాను. టైములు రాయడం మా ఉద్యోగంలో అలవాటే కదా.

ముందు నా పని గురించి రెండు మాటలు. లైను మీద రిపేరు చేయాలంటే లైన్‌మన్ నాకు ఫోన్ చేసి ఎల్‌సీ అడగాలి. లైన్ క్లియర్ అన్నమాట. నేను ఆ లైనుకు కరెంటు ఆపి, రిజిస్టర్‌లో టైము, పేరు, నంబరు రాసి, ప్యానెల్‌కు ఎర్ర బోర్డు తగిలిస్తాను. పని అయ్యాక అదే మనిషి ఫోన్ చేసి "ఎల్‌సీ రిటర్న్" అంటే మళ్ళీ కరెంటు వదులుతాను. ఎవరి ఎల్‌సీ వాళ్ళే తీసుకోవాలి. ఒకడి ఎల్‌సీ మీద ఇంకొకడు పోల్ ఎక్కకూడదు. ఇది రూలు. మా వైపు ఈ రూలు తెలియనివాడు లేడు, పాటించేవాడూ తక్కువే.

ఇక నా పిచ్చి గురించి. నాకు హామ్ రేడియో ఉంది, లైసెన్సు తీసుకుని ఇంటినుంచే దూరపు వాళ్ళతో మాట్లాడుకునే రేడియో. ఆ పిచ్చి అంటించినవాడు నాగయ్య బాబాయ్. రక్తసంబంధం ఏమీ లేదు, వరసకు బాబాయ్. మా గురజాల వైపు లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. క్వారీ గుంటల పైనుంచి పొడుగాటి తీగ లాగి, తానే చుట్టుకున్న కాయిల్‌తో తానే ట్రాన్స్‌మిటర్ కట్టుకున్నాడు. అందరూ ఎక్కువ ఫ్రీక్వెన్సీల మీద దేశదేశాలతో మాట్లాడుతుంటే ఈయన మాత్రం బాగా అడుగున, ఎవరూ ఉండని తక్కువ ఫ్రీక్వెన్సీల మీద కూర్చునేవాడు.

అక్కడ గొంతుతో మాట్లాడటం కుదరదు. చుక్కా గీతా పంపాలి, మోర్స్ కోడ్. అదీ మామూలు వేగంతో కాదు. సిగ్నల్ మరీ బలహీనంగా ఉంటుంది కాబట్టి చానా నెమ్మదిగా పంపాలి. ఒక చుక్క రెండు నిమిషాలు. ఒక గీత ఆరు నిమిషాలు. మధ్యలో రెండేసి నిమిషాల ఖాళీ. చెవితో వింటే ఏమీ వినపడదు. కంప్యూటర్‌కు కలిపితే, తెర మీద ఎడమ నుంచి కుడికి చీమ నడిచినట్టు ఒక సన్నటి గీత సాగుతుంది. ఆ తెరను వాటర్‌ఫాల్ అంటారు. "వాటర్‌ఫాల్ చూడాలంటే ఎత్తిపోతల పోదాం పదండి, ఆ డబ్బా ముందు ఏంది మీకు?" అని మా ఆవిడ నన్ను ఎన్నిసార్లు ఎకసెక్కమాడిందో లెక్కలేదు.

బాబాయ్ ట్రాన్స్‌మిటర్‌కు ఒక జబ్బు ఉండేది. ఆన్ చేయగానే కాస్త కిందికి జారి, వేడెక్కాక పైకి వచ్చి నిలబడేది. అందుకని ఆయన పంపిన ప్రతి చుక్కకూ ప్రతి గీతకూ మొదట్లో చిన్న కొక్కెం ఉండేది, గాలానికున్నట్టు. వంద గీతల్లో పెట్టినా నాగయ్య బాబాయ్ గీతను నేను గుర్తుపడతాను. సరిచేసుకోమంటే నవ్వేవాడు. "నా సంతకం రా అది. సంతకం దిద్దుకుంటారా ఎవరన్నా?" అనేవాడు.

ఆయనకు ఇష్టమైన గుర్తు ఒకటుంది. చుక్క, గీత, తర్వాత వరసగా మూడు చుక్కలు. రేడియోలో దానికి 'ఆగు' అని అర్థం. పిన్ని అన్నానికి పిలిస్తే కంచం మీద చెంచాతో అదే కొట్టేవాడు. సర్వీసులో ఉన్నప్పుడు కుర్రలైన్‌మన్లు తొందరపడి ఎక్కబోతుంటే పోల్ మీద కటింగ్ ప్లేయర్‌తో అదే కొట్టి, "ఆగరా. కరెంటుకు చుట్టం పక్కం తెలవదు" అనేవాడు. ఆగమన్నవాడు మళ్ళీ వచ్చి 'ఇక కానీయ్' అనాలి, అప్పటిదాకా అవతలివాడు కదలకూడదు, అది రేడియో మర్యాద అని నాకు నేర్పిందీ ఆయనే.

కిడ్నీలు పాడై ఐదేళ్ళ కిందట నర్సరావుపేట ఆస్పత్రిలో పోయాడు. పెద్దకర్మ అయ్యాక పిన్ని ఆ ట్రాన్స్‌మిటర్‌ను పాత చీర ముక్కలో మూటగట్టి, "నాకెందుకు నాయనా ఇది, చూస్తే ఏడుపొస్తంది" అని నా చేతిలో పెట్టింది. తీసుకొచ్చి మంచం కింద పెట్టాను. మళ్ళీ ఆ మూట విప్పలేదు. క్వారీవాళ్ళు తవ్వుకుంటూ పోయేసరికి ఆ పొడుగాటి తీగ, దాని కర్రలు కూడా లేకుండా పోయాయి.

నేను మాత్రం వినడం మానలేదు. ఇంట్లో రిసీవరు, పాత లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంటాయి. ఆ తెర బొమ్మ రెండు నిమిషాలకొకసారి నా సెల్‌ఫోన్‌కు వస్తుంది. డ్యూటీలో ఉన్నా చూసుకోవచ్చు. ఒక్కటే ఇబ్బంది. మా ఇంటి వెనకనుంచి వ్యవసాయ మోటార్ల లైను పోతుంది. అందులో కరెంటు ఉన్నంతసేపూ తెరంతా తెల్లటి రొద. ఎవరన్నా ఎల్‌సీ తీసుకుని ఆ లైను ఆగితేనే తెర నల్లగా, శుభ్రంగా కనపడుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

రెండేళ్ళ కిందటి మాట. మిరపకు ఆఖరి తడులు పెడుతున్న రోజులు. పగటి డ్యూటీ నాది. ఉదయం తొమ్మిదిన్నరకు హనుమంతు అనే లైన్‌మన్ ఫోన్ చేసి మా వెనక లైనుకే ఎల్‌సీ తీసుకున్నాడు. ఎక్కడో జంపర్, పోల్ మీద తీగల్ని కలిపే ముక్క, తెగింది. నేను లైను ఆపి, రిజిస్టర్‌లో రాసి, బోర్డు తగిలించాను. రైతులు వరసగా ఫోన్లు. "ఎప్పుడొస్తదయ్యా కరెంటు? చేను ఎండిపోతంది, నువ్వొచ్చి నీళ్ళు మోస్తావా?" అని ఒకాయన. మోస్తాలే, బిందె పట్టుకురా అన్నాను.

పది దాటి నలభై నిమిషాలైంది. అలవాటుగా ఫోన్‌లో తెర చూశాను. నల్లగా శుభ్రంగా ఉంది. మరో బొమ్మ వచ్చింది. కుడిచివర ఒక చుక్క పడింది. దాని మొదట్లో కొక్కెం ఉంది.

మొదట నాకు నవ్వొచ్చింది. ఎవరిదో ఛార్జరు గోల అనుకున్నాను. రెండు నిమిషాల ఖాళీ. తర్వాత ఇంకో గుర్తు మొదలైంది. దానికీ కొక్కెం. అది ఆగకుండా సాగుతోంది. మూడు బొమ్మలు వచ్చాయి, ఇంకా సాగుతూనే ఉంది. సరిగ్గా ఆరు నిమిషాలకు తెగింది. గీత. నా నవ్వు పోయింది. కంట్రోల్ రూములో ఫ్యాను తిరుగుతూనే ఉంది, నాకు మాత్రం వీపంతా చెమట పట్టింది.

పది యాభై ఒకటికి ఫోన్ మోగింది. హనుమంతు. "అన్నా, ఎల్‌సీ రిటర్న్. లైను వెయ్యి" అన్నాడు. నంబరు చెప్పాడు, అంతా సక్రమంగా ఉంది. రిజిస్టర్‌లో టైము రాశాను. బోర్డు తీశాను. ప్యానెల్ మీద స్విచ్ తిప్పడమే మిగిలింది. చెయ్యి దాని మీద పెట్టాను కూడా.

ఇక్కడ నిజం చెప్పాలి. నేను ఆగింది జాగ్రత్త వల్ల కాదు. ఏదో అనుమానం తట్టిందనీ, మనసు కీడు శంకించిందనీ చెప్పుకుంటే అబద్ధం. లైను వేస్తే తెరంతా రొదతో నిండిపోతుంది, ఆ గీతల్లో మిగతావి ఏమిటో ఇక ఈ జన్మలో తెలియదు. అందుకే ఆగాను. రైతులు తిట్టనీ, ఇంకో రెండు చుక్కలు చూసి వేస్తాను అనుకున్నాను. పాతికేళ్ళలో రిటర్న్ చెప్పాక అలా ఆపడం అదే మొదటిసారి. పిచ్చి కొద్దీ చేసిన తప్పు అది.

పది యాభై రెండుకు మూడో గుర్తు మొదలైంది. చుక్క. ఖాళీ. మళ్ళీ చుక్క. ఒక్కో బొమ్మ కోసం రెండు నిమిషాలు ఎదురుచూడటం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, ఎత్తలేదు. అప్పటికే నాకు ఏం రాబోతోందో తెలుసు. రాకుండా ఉంటే బాగుండు, బాబాయ్, రాకుండా ఉంటే బాగుండు అని పైకే అన్నాను. పదకొండు గంటలకు ఐదో గుర్తు మొదలైంది. పదకొండూ రెండుకు తెగింది. చుక్క.

ఆగు.

ఆ క్షణంలో నాకు మా కోటి ఎందుకు గుర్తొచ్చాడో చెప్పలేను. కోటి నా మేనల్లుడు, మా అక్క కొడుకు. తండ్రి లేని పిల్లాడు. వాడు లైన్‌మన్‌గా చేరి అప్పటికి ఏడాది. మా అమ్మాయి శిరీషను వాడికే ఇవ్వాలని మాట అయిపోయింది, ఇంకో నెలలో ముహూర్తం. ఆ పూట వాడు డ్యూటీలో ఎక్కడున్నాడో కూడా నాకు తెలియదు. ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

హనుమంతుకు చేశాను. "కోటిగాడు ఎక్కడ?" అన్నాను.

"ఆడా? చివరి పోల్ కాడ ఇన్సులేటర్ మార్చాలన్నాడన్నా పొద్దున. ఎక్కేటప్పుడు మిస్డ్ కాల్ ఇస్తానన్నాడు. ఇయ్యలేదుగా, ఎక్కి ఉండడులే" అన్నాడు. బండి మీద టిఫిన్ సంచీలో ఇంకో ఫోన్ ఉందట. అది తీసి చూస్తున్న చప్పుడు వినపడింది. "అన్నా" అన్నాడు. గొంతు మారిపోయింది. "అన్నా, వెయ్యమాక. వెయ్యమాకన్నా, నీ కాళ్ళు మొక్కుతా."

నా చెయ్యి ఇంకా స్విచ్ మీదే ఉంది. ఒక్కో వేలూ విడదీసి తీశాను.

జరిగింది ఇదీ. కోటి వేరే ఎల్‌సీ తీసుకోలేదు. హనుమంతు ఎల్‌సీ మీదే ఎక్కుతానని, ఎక్కేముందు ఒక మిస్డ్ కాల్ ఇస్తానని ఇద్దరూ మాట్లాడుకున్నారు. మిస్డ్ కాల్ వస్తే వాడు పైన ఉన్నట్టు, వాడు మళ్ళీ చేసేదాకా రిటర్న్ చెప్పకూడదు. ఇద్దరి మధ్యా అదే ఎల్‌సీ. వాడు మిస్డ్ కాల్ ఇచ్చాడు, ఆ సంచీలో ఉన్న ఫోన్‌కు. వీడు చూడలేదు. పొరపాటున కరెంటు వచ్చినా మనిషికి తగలకుండా వైర్లన్నిటినీ కలిపి భూమికి వేసే రాడ్ల సెట్టు ఒక్కటే ఉంది, అది హనుమంతు దగ్గర ఉంది. అంటే నేను స్విచ్ తిప్పి ఉంటే పదకొండు వేల వోల్టులు నేరుగా మా అక్క కొడుకు చేతిలోకి పోయేవి.

హనుమంతు బండి మీద పరిగెత్తాడు. కోటి కిందికి దిగి, నాతో తన గొంతుతో మాట్లాడేదాకా నేను లైను వేయలేదు. "ఏంది మామా, అట్టా ఏడుస్తన్నావు?" అన్నాడు వాడు. ఏమీ లేదురా, అన్నం తిని పోదువు ఇంటికి రా అన్నాను. సాయంత్రం వాడు ఇంటికొచ్చాక రెండు చెంపలూ వాయించాను. మా ఆవిడ అడ్డం వస్తే ఆమెనూ కోపంగా ఒక మాట అన్నాను. తర్వాత వాణ్ణి పట్టుకుని మళ్ళీ ఏడ్చాను.

లైను ఎందుకు ఆలస్యమైందని ఆఫీసులో అడిగితే స్విచ్ బిగుసుకుందని చెప్పాను. ఇంకేం చెప్పను?

ఇంతవరకు అయితే అదృష్టం అనుకుని ఊరుకునేవాణ్ణి. కానీ నేను లెక్కల మనిషిని. ఆ రాత్రికి అన్నీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. హనుమంతు ఫోన్‌లో మిస్డ్ కాల్ టైము పది నలభై ఆరు. కోటిని అడిగాను. పది నలభై దాకా టీ బంకు దగ్గరే ఉన్నాడట, ఆ పోల్ ఎక్కాలా, మధ్యాహ్నానికి వాయిదా వేయాలా అనుకుంటున్నాడట. తెరమీద మొదటి చుక్క మొదలైంది పది నలభైకి. అంటే వాడు ఎక్కాలని తేల్చుకోకముందే 'ఆగు' అనడం మొదలైంది. ఆ మాట పూర్తి కావడానికి ఇరవై రెండు నిమిషాలు పడుతుందని తెలిసినవాడే అంత ముందుగా మొదలుపెడతాడు. ఈ ఆలోచన వచ్చినప్పుడు గదిలో కూర్చోలేక మా ఆవిడ పక్కకు పోయి పడుకున్నాను. లైటు తీయనివ్వలేదు.

తెల్లారాక మంచం కింద మూట విప్పాను. ట్రాన్స్‌మిటర్ ఉంది. బ్యాటరీ లేదు. తీగ తగిలించే చోట తుప్పు. చుక్కా గీతా కొట్టే మీట కింద కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టింది. రెండు లోహపు ముక్కలు కలవాల్సిన చోట ఎండిన మట్టి గట్టిగా అంటుకుని ఉంది, ఎక్కడా పగుల్లేదు. ఆ మీట కదిలి ఎన్నాళ్ళయిందో చూసిన ఎవరైనా చెప్పగలరు.

ఆ బొమ్మలు వేరే రాష్ట్రంలో ఉన్న ఒక హామ్ మిత్రుడికి పంపాను, కథ చెప్పకుండా. ఏదో సప్లై యూనిట్ రొద అయి ఉంటుందన్నాడు. రొదకు రెండు, ఆరు, రెండు, రెండు, రెండు నిమిషాల లెక్క ఎలా తెలుసని అడిగాను. ఎవరైనా మీ పక్కవాళ్ళు ఆటపట్టిస్తున్నారేమో అన్నాడు. ఆ ఫ్రీక్వెన్సీలో పంపాలంటే ఊరంత తీగ కావాలి. మా చుట్టుపక్కల అలాంటి తీగ వేసినవాడు ఒక్కడే, ఆయన్ను కాల్చిన చోటు మా సబ్‌స్టేషన్ కిటికీలోంచి కనపడుతుంది.

శిరీషకూ కోటికీ పెళ్ళయింది. ఇప్పుడు దానికి ఏడో నెల. ఇదంతా రాయకూడదనే అనుకున్నాను. మొన్న ఆదివారం జరిగింది చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను.

డ్యూటీ లేదు. ఉదయం ఎనిమిదింటికి ఇంట్లోనే ఉన్నాను. కోటీ శిరీషా బండి మీద పిడుగురాళ్ళ స్కానింగుకు బయలుదేరుతున్నారు. వెనక లైను ఎందుకో ఆగి ఉంది. లాప్‌టాప్ వైపు చూశాను. చుక్క పడి ఉంది. కొక్కెం ఉంది.

పోయి బండి తాళం లాక్కున్నాను. "మామా, టోకెన్ పోద్ది, ఈయ్" అన్నాడు కోటి. "ఏంది నాన్నా ఇది, ఎండ రాకముందే పోవాలి" అంది శిరీష. ఆగండి అన్నాను. ఎందుకంటే చెప్పను. మిగతా ఇరవై నిమిషాలు వాళ్ళు నన్ను తిడుతూ అరుగు మీద కూర్చున్నారు. నేను తెర ముందు కూర్చున్నాను. గీత వచ్చింది. ఒక చుక్క. ఇంకో చుక్క. ఇంకో చుక్క. కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి లైను వచ్చి తెరంతా తెల్లగా రొదతో నిండిపోయింది.

ఆ రోజు వాళ్ళను ఎటూ పోనివ్వలేదు. ఏమీ జరగలేదు. పిడుగురాళ్ళ రోడ్డు మీద ఆ పూట ఏ ప్రమాదమూ లేదు, నేను కనుక్కున్నాను. ఆగమన్నది బండినా? బస్సునా? ఆ స్కానింగునా? ఆస్పత్రినా? లేక నన్నేనా, దేన్నుంచో? ఏదీ తెలియదు. పోయినసారి చెయ్యి స్విచ్ మీద ఉంది కాబట్టి దేన్ని ఆపాలో తెలిసింది. ఈసారి నా చెయ్యి దేని మీద ఉందో నాకే తెలియడం లేదు.

ఆ మర్నాటి నుంచి సెలవు పెట్టి ఆ తెర ముందే కూర్చుంటున్నాను. ఎవరన్నా ఎల్‌సీ తీసుకుని లైను ఆగినప్పుడల్లా చూస్తున్నాను, నల్లగానే ఉంటోంది. డాక్టరు శిరీషను రేపు తప్పకుండా స్కానింగుకు రమ్మంది. ఇంట్లో అందరూ నాకు మతిపోయిందంటున్నారు, శిరీష నాతో మాట్లాడటం మానేసింది. ఆగమన్నవాడు మళ్ళీ వచ్చి కానీయ్ అనాలి కదా. బాబాయ్ ఇంకా రాలేదు. బండి తాళం నా చొక్కా జేబులోనే ఉంది.